మనిషి పుట్టుకతోనే పాపి అని క్రైస్తవం అంటుంది కదా, మరి మంచి పనులు ఎలా చేయగలుగుతున్నాడు?

టీకొట్టు దగ్గర నన్ను చాలామంది అడిగిన ప్రశ్నే ఇది. "మీ పాస్టర్లు మైకు పట్టుకుంటే చాలు, పాపీ పాపీ అని తిడతారేంట్రా" అంటారు. నిజమే, తిడతారు. ఆ పాపాల జాబితా కూడా ఎప్పుడూ ఒకటే: సినిమా, బొట్టు, నగలు, సారా. పక్కవాడి గట్టు జరిపి చేను కలుపుకున్నవాడి గురించి ఒక్క ఆదివారం కూడా వినలేదు నేను.

మాది ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు. బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగినా, జన్మపాపం (పుట్టుకతోనే మనిషిలో పాపం ఉంటుందనే బోధ) అనే మాట 2018 దాకా నాకు మింగుడుపడలేదు. మనిషి స్వతహాగా మంచివాడే, పరిస్థితులే చెడగొడతాయని గట్టిగా వాదించేవాణ్ని.

ఆ ఏడు అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. మా తాత వేసిన కొబ్బరిచెట్లు వరసగా పడుకున్నాయి. జీడితోట వేళ్లతో సహా లేచిపోయింది. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు. దారి తెరుచుకున్నాక ఎవరో దాతల వ్యాను వచ్చింది. నీళ్ల ప్యాకెట్లు, కొవ్వొత్తులు, టార్పాలిన్లు. జనం ఎగబడ్డారు, నేనూ ఎగబడ్డాను. మాది స్లాబిల్లు, ఒక్క పెచ్చు ఊడలేదు. అయినా ఆఖరి టార్పాలిన్ కనబడగానే చెయ్యి వెళ్లిపోయింది. దాని రెండో కొస అప్పటికే ఒక ముసలమ్మ చేతిలో ఉంది. వీధి చివర పూరిల్లు ఆమెది, కప్పు మొత్తం ఎగిరిపోయింది. లాగాను. వచ్చేసింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"నీది స్లాబిల్లు కాదేటి బాబూ?" అంది.

"పశువులకి మామ్మా" అన్నాను.

మాకు పశువుల్లేవు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

అంతకు రెండు రోజుల ముందు, నెలలు నిండిన అమ్మాయిని మంచం మీద మోసుకెళ్తుంటే, అడ్డంగా పడ్డ చెట్లు గొడ్డలితో నరుకుతూ ముందు నడిచింది కూడా నేనే. అరచేతుల్లో బొబ్బలు ఇంకా మానలేదు. ఆ బొబ్బల చేతులతోనే లాగాను. "నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అని అపొస్తలుడు పౌలు బైబిల్లోని రోమా పత్రికలో రాసింది చిన్నప్పుడే కంఠతా పట్టాను. అర్థమైంది మాత్రం అటక ఎక్కి ఆ టార్పాలిన్ దాచినప్పుడే.

జన్మపాపం గురించి గట్టిగా రాసిన ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీను (354–430) కూడా పదహారో ఏట స్నేహితులతో కలిసి బేరికాయలు దొంగిలించాడు. ఆకలి లేదు, అంతకన్నా మంచివి తన దగ్గరే ఉన్నాయి. చివరికి పందులకు పడేశారు. బిషప్పు అయ్యాక ఆ కాయల గురించి అంత బాధపడి రాసుకోవడమేంటని అంతకుముందు నవ్వుకునేవాణ్ని. మనిషి తలచుకుంటే పాపం లేకుండా బతకగలడని పెలాగియస్ అనే సన్యాసి బోధిస్తే, 418లో కార్తేజి నగరంలో కూడిన బిషప్పుల సభ దాన్ని ఖండించింది. నాకు ఆయన మాటే నచ్చేది. అటక మీద టార్పాలిన్ పెట్టుకుని ఆయన తరఫున వాదించడం ఇక నా వల్ల కాలేదు.

అగస్టీను దగ్గర ఇంకో మాట ఉంది. చెడు అంటే దేవుడు విడిగా తయారుచేసిన సరుకు కాదు, ఉండాల్సిన మంచి లేకపోవడమే చెడు అంటాడు. కొబ్బరి రైతుకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కొన్ని కాయలకి పీచు ఉంటుంది, చిప్ప ఉంటుంది, పగలగొడితే లోపల కొబ్బరి పట్టదు. అయినా అది తాటికాయ అయిపోదు కదా, మనిషీ అంతే. బైబిలు మొదటి పుస్తకం ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు తాను చేసినదంతా చూసి చాలా మంచిదనుకున్నాడు. పాపం వచ్చేది మూడో అధ్యాయంలో. మన పాస్టర్లు తిన్నగా మూడో అధ్యాయంతోనే మొదలుపెడతారు, అదీ నా కంప్లైంటు.

పసిపిల్లలేం పాపం చేశారని అడగబోతున్నారా? కేథలిక్కులు జన్మపాపం పోవడానికి పసిపాపకే బాప్తిస్మం ఇస్తారు. మా వాళ్లు ఊహ తెలిసి, విశ్వాసం ఒప్పుకున్నాకే నీళ్లలో ముంచుతారు. తూర్పు ఆర్థడాక్సు సంఘాలేమో మొదటి మనిషి ఆదాము నుంచి మనకొచ్చింది చావూ బలహీనతా గానీ ఆయన నేరం కాదంటాయి. ఈ ఒక్క విషయంలో వాళ్లదే రైటు. చర్చిలో ఈ మాట అంటే నాకు క్లాసు పీకుతారు, అది వేరే సంగతి.

టార్పాలిన్ పది రోజుల తర్వాత తీసుకెళ్లి ఇచ్చాను. అప్పటికే ఆమె ఇంటికి కొబ్బరికమ్మలు కప్పించుకుంది. అందుకుని, మడత విప్పి చూసి, "పశువులకి వద్దేటి?" అంది.