పశ్చిమ డెల్టా నీళ్ళు తాగే తూర్పు గోదావరోళ్ళం

ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలకు ఆ పేర్లు ఎలా వచ్చాయని అడిగారు. అన్నిటి సంగతీ చెప్పే ఓపిక లేదుగానీ, గోదావరి జిల్లాల గురించైతే మాలాంటి వాళ్ళనే అడగాలి. మా ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లాలే మారిపోయాయి.

మాది నిడదవోలు దగ్గర పల్లె. గోదావరికి పడమటి గట్టు. విజ్జేశ్వరం దగ్గర వదిలే పశ్చిమ డెల్టా కాలవతోనే మా చేలు పండుతాయి. అయినా జిల్లాల్ని మళ్ళీ విడగొట్టిన 2022 ఏప్రిల్ 4 నుంచి మేం తూర్పు గోదావరి జిల్లా వాళ్ళం!

ఆ తర్వాతే మా చెల్లెలి పెళ్ళి కుదిరింది. శుభలేఖ ప్రూఫు వస్తే మా పెదనాన్నగారు అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదికి దించి, వేలు పెట్టి మరీ చదివారు. గోత్రాలు సరిపోయాయి, ముహూర్తం సరిపోయింది. మా ఊరి పేరు పక్కన "తూ.గో. జిల్లా" దగ్గర వేలు ఆగిపోయింది.

"పెళ్ళికొడుకు వాళ్ళ జిల్లా మనకేశాడేంట్రా వీడు?"

వియ్యాలవారిది అమలాపురం. అసలు సిసలు తూర్పు గోదావరి అంటే వాళ్ళే, కానీ వాళ్ళిప్పుడు కోనసీమ జిల్లా. ప్రెస్సాయనకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

"ఇప్పుడు మీది తూగోయేనండి. అందరికీ అలాగే వేస్తున్నామండి."

"విజ్జేశ్వరం రేవులో నించుంటే పొద్దు ఎక్కణ్ణించి పొడుస్తాదయ్యా?"

"గోదారి అవతల్నించండి, ఆయ్."

"మరి మనం ఏ పక్కనున్నట్టు?"

పాపం, ఆయన దగ్గర జవాబు లేదు. చివరికి జిల్లా తీసేసి మండలం, పిన్‌కోడు వేయించాం. పోస్టులో పంపినవన్నీ చక్కగా చేరాయి.

మొదట్లో పేర్లు ఇలా తిక్కగా లేవండి. తెల్లవాళ్ళ హయాంలో ఇక్కడ రాజమండ్రి జిల్లా ఉండేది. 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాల్ని తిరగేసి గోదావరి, కృష్ణా అని రెండు చేశారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. శిస్తు ఏ నీళ్ళ వల్ల పుడుతోందో ఆ ఏటి పేరే జిల్లాకి పెట్టారని నా గట్టి నమ్మకం. ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం, ఎర్నగూడెం తాలూకాల్ని తీసుకెళ్ళి కృష్ణా జిల్లాలో కలిపేశారు. అలా మా ముత్తాతగారు ఇల్లు కదలకుండానే కృష్ణా జిల్లా మనిషైపోయారు. 1925లో మా వైపుని ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి చేసి, కాకినాడ కేంద్రంగా ఉన్న గోదావరి జిల్లాకి ముందు 'తూర్పు' తగిలించారు. అప్పుడు పేరుకీ దిక్కుకీ పొత్తు కుదిరింది.

2022లో పార్లమెంటు నియోజకవర్గాల లెక్కన గీతలు గీశారు. కొవ్వూరు, నిడదవోలు, గోపాలపురం ఓట్లు రాజమండ్రి ఎంపీకి పడతాయి కాబట్టి మేం అటు, తూర్పు గోదావరిలోకి పోయాం. పశ్చిమ గోదావరి పేరు భీమవరానికి మిగిలింది. అన్నాళ్ళు ఆ జిల్లాకి కేంద్రంగా ఉన్న ఏలూరు వేరే జిల్లా అయింది.

ఈ గందరగోళంలో నాకు నచ్చిన పేరు కోనసీమ ఒక్కటే. గౌతమికీ వశిష్ఠకీ సముద్రానికీ నడుమనున్న ఆ నేలని జనం ఎప్పట్నుంచో అలాగే పిలుచుకున్నారు, బోర్డు మీదికి మాత్రం 2022లో ఎక్కింది. అంబేద్కర్ గారి పేరు ముందు చేరిందీ ఆ ఏడే.

ఇక ఆన్‌లైన్ ఫారాల సంగతి తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. కొన్నిట్లో పాత 13 జిల్లాలే, కొన్నిట్లో కొత్తవి. ఏది నొక్కినా ఇంకో కాగితంతో సరిపోలలేదని తిప్పి పంపుతారు.

నన్నడిగితే దిక్కులు రెండూ తీసేసి, 1859లో పోయిన రాజమండ్రి జిల్లా పేరే మాకు తిరిగిచ్చేస్తే గొడవ వదిలిపోతుంది. దీనికీ మా పెదనాన్నగారు ఒప్పుకోరనుకోండి. ఆ ఊరు అవతలి గట్టుది కదా!