పాత పోటీ రివాల్వర్‌కు 2,400 డాలర్లు: కొనండి, కార్డు మీద మాత్రం కాదు

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటాం. నాకు 44 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నిరుడు గ్రీన్ కార్డ్ వచ్చాక షూటింగ్ క్లబ్‌లో చేరాను. ఇప్పటిదాకా స్నేహితుడి రివాల్వర్‌తో కాలుస్తున్నాను. క్లబ్‌లో ఒక రిటైర్డ్ పోలీసు అధికారి తన పీపీసీ (పోలీస్ పిస్టల్ కాంబాట్) పోటీ రివాల్వర్ అమ్ముతున్నారు. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10ని 1980ల్లో తుపాకులు మార్చి బాగుచేసే ఒక గన్‌స్మిత్ దగ్గర ప్రత్యేకంగా మార్పించుకున్నారట. 2,400 డాలర్లు అడుగుతున్నారు. ‘ఇలాంటివి చేసే చేతులు ఇప్పుడు లేవు, రేటు పెరగడమే’ అంటున్నారు. క్రెడిట్ కార్డు మీద తీసుకుని నెలకు వంద చొప్పున తీర్చేద్దామనుకుంటున్నాను. ఎమర్జెన్సీ ఫండ్ 14,000, ఇంటి ఖర్చు నెలకు 6,200, అన్నీ పోను మిగిలేది 900. అమ్మాయి పదో తరగతి. అదే డబ్బుతో బంగారం కొనొచ్చు కదా అంటోంది మా ఆవిడ. పెట్టుబడిగా ఏది మేలు?

జవాబు: ముందు ‘పెట్టుబడి’ అన్న మాట తీసి పక్కన పెట్టండి. ఆ మాట ఉన్నంతసేపూ మీరు అమ్మేవారి లెక్కలోనే ఆలోచిస్తారు. మీకు కావలసింది ఆడుకోవడానికి ఒక మంచి పనిముట్టు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ ఖర్చును సరదా ఖాతాలో రాసుకోవాలి, ఆస్తుల ఖాతాలో కాదు.

ఆ అధికారి అబద్ధమాడుతున్నారని కాదు. పోలీసు శిక్షణలోంచి పుట్టిన పీపీసీ పోటీల్లో 7 గజాల నుంచి 50 గజాల దాకా .38 స్పెషల్ తూటాలతో కాలుస్తారు. ఒకప్పుడు అందులో గెలవాలనుకున్న వాళ్లంతా మామూలు సర్వీస్ రివాల్వర్‌ను గన్‌స్మిత్‌కు ఇచ్చి, దాని సన్నటి బ్యారెల్ తీయించి అంగుళం మందం ఉన్న బరువైన బ్యారెల్ వేయించుకునేవారు. పైన గురి చూసే సైట్‌లు ఉన్న పొడవాటి పట్టీ (అరిస్టోక్రాట్ లాంటి సైట్ రిబ్) బిగించేవారు. దూరం మారినప్పుడల్లా సైట్‌ను ముందే పెట్టుకున్న స్థానంలోకి తిప్పుకోవచ్చు. ట్రిగ్గర్ వెన్నలా నడిచేలా లోపలి భాగాలన్నీ చేత్తో సానబట్టేవారు. బిల్ డేవిస్, రాన్ పవర్, లూసియానాలో జిమ్ క్లార్క్ ఈ పనికి పేరుపడ్డ వాళ్లు. తర్వాత పోలీసులు రివాల్వర్లు వదిలి సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లకు మారిపోయారు. ఈ పని చేయించుకునే వాళ్లూ తగ్గారు, చేసే వాళ్లూ తగ్గారు.

అందుకని రేటు పెరుగుతుందా? మీ ఆవిడ బంగారం మాట తెచ్చారు కాబట్టి ఆ లెక్కలోనే చెబుతాను. నగ కొన్నప్పుడు మజూరీ, తరుగు కట్టి తెచ్చుకుంటాం. అమ్మబోతే షాపువాడు తూకం వేసి బంగారానికే డబ్బిస్తాడు, మజూరీ ఊసెత్తడు. కస్టమ్ రివాల్వర్‌లో గన్‌స్మిత్ పనితనం సరిగ్గా ఆ మజూరీయే. ఇవాళ అలాంటిది కొత్తగా చేయించాలంటే తడిసి మోపెడవుతుంది, అది నిజం. కానీ చేయించడానికయ్యే ఖర్చు వేరు, అమ్మితే వచ్చే ధర వేరు. పైగా పాత స్మిత్ అండ్ వెసన్‌లను సేకరించేవాళ్లకు కావలసింది ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టుగా ఉన్న తుపాకీ. బ్యారెల్ మార్చిన మోడల్ 10 వాళ్లకు చెడిపోయిన మోడల్ 10. ఇక మిగిలేది ఆ ఆట ఆడే గుప్పెడు మంది.

ఆ గుప్పెడులో కూడా వడపోత ఉంది. ఇలాంటి వాటిలో చాలా వరకు తూటాను పేల్చే హామర్ కొమ్ము కోసేసి, డబుల్ యాక్షన్‌లో మాత్రమే, అంటే ట్రిగ్గర్ లాగితేనే హామర్ లేచి పడేలా చేసి ఉంటారు. హామర్ వెనక్కి లాగి తీరిగ్గా గురిచూసే బుల్స్‌ఐ ఆటగాడికి అది పనికిరాదు. ఐడీపీఏ అనే ఆత్మరక్షణ తరహా పోటీల్లో రివాల్వర్ బ్యారెల్ 4.25 అంగుళాలు దాటకూడదు, మీరు చూసింది ఆరంగుళాలదైతే అక్కడ గుమ్మంలోనే ఆపేస్తారు. పీపీసీలో పెద్ద పోటీలు పోలీసు ఉద్యోగులకే. మనలాంటి వాళ్లకు క్లబ్ స్థాయి మ్యాచ్‌లు దిక్కు. కాబట్టి కొనేముందు మీ క్లబ్‌లో ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు పెడతారో, ఆ నిబంధనల్లో ఈ రివాల్వర్ చెల్లుతుందో లేదో కనుక్కోండి. చెల్లకపోతే నా జవాబు ఇక్కడితో అయిపోయింది, కొనకండి.

పన్ను సంగతి కూడా వినండి. లాభానికి అమ్మితే ఆ లాభం మీద పన్ను పడుతుంది. సొంత వాడకానికి కొన్న వస్తువు నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని రిటర్న్‌లో చూపించుకోనివ్వరు. ఇలాంటి దాన్ని పెట్టుబడి అని పిలవడానికి నాకు నోరు రాదు. మీ ఆవిడ చెప్పే బంగారం నగైతే దాన్నీ అలా పిలవను. ఈ విషయంలో ఇద్దరికీ చెరి సగం మార్కులు.

ఇప్పుడు అసలు ఖర్చు చూద్దాం. మీరు ఉత్తరంలో ఒక్కసారి కూడా రాయనిది తూటాల సంగతి. పీపీసీలో 1500 మ్యాచ్ అంటే 150 తూటాలు. మీరు నెలకు రెండుసార్లు అంత కాలిస్తే నెలకు 300, అంటే 50 తూటాల పెట్టెలు ఆరు. ఈ రివాల్వర్‌లకు ఇష్టమైన 148 గ్రెయిన్ల వాడ్‌కటర్ (మూతి చదునుగా ఉండే) తూటాల పెట్టెకు 35 డాలర్లు వేసుకుంటే నెలకు 210, ఏడాదికి 2,520. రివాల్వర్ ధర కంటే మొదటి ఏడాది తూటాల ఖర్చే ఎక్కువ! దానికి క్లబ్ రుసుములు, ఎంట్రీ ఫీజులు అదనం. 2,400కు బేరమాడుతూ వారాలు గడిపే వాళ్లు ఈ 2,520 గురించి అరగంట కూడా కూర్చోరు. వాడేసిన తూటా గొట్టాలను ఇంట్లోనే మళ్లీ నింపుకుంటే (రీలోడింగ్) తూటా ఖర్చు బాగా తగ్గుతుంది కానీ ప్రెస్సు, కాటా, డైలు లాంటి సామాను కొనాలి, శనివారాలు ధారపోయాలి. మొదటి ఏడాది దాని జోలికి పోకండి.

ఇక్కడ ఇంకో మెలిక. ట్రిగ్గర్ తేలిగ్గా ఉండాలని ఇలాంటి రివాల్వర్‌లలో స్ప్రింగు బలం తగ్గిస్తారు. దాంతో హామర్ దెబ్బ మెత్తగా పడుతుంది. కొన్ని రివాల్వర్‌లు ఫెడరల్ కంపెనీ ప్రైమర్ (తూటా అడుగున నిప్పు రాజేసే ముక్క) ఉన్న తూటాలనే నమ్మకంగా పేలుస్తాయి, తక్కిన కంపెనీలవి మధ్యమధ్యలో తుస్సుమంటాయి. అంటే చవకగా దొరికిన తూటా కొనే వెసులుబాటు మీకుండదు. అధికారిని సూటిగా అడగండి: ‘మీరు ఇందులో ఏ తూటాలు వాడతారు?’

కార్డు ఆలోచన మానేయండి. 24 శాతం వడ్డీ మీద 2,400 తీసుకుని నెలకు వంద కడితే తీరడానికి 33 నెలలు పడుతుంది. వడ్డీయే సుమారు 900 డాలర్లు. 3,300 డాలర్ల రివాల్వర్ అని ఆయన చెప్పి ఉంటే మీరు నాకు ఉత్తరమే రాసేవారు కాదు.

ఎమర్జెన్సీ ఫండ్ లోంచి తీయడం కూడా నాకిష్టం లేదు. 14,000ను 6,200తో భాగిస్తే రెండు నెలల పైచిలుకు. గ్రీన్ కార్డ్ వచ్చింది కాబట్టి ఉద్యోగం పోతే 60 రోజుల్లో సర్దుకోవాలన్న గండం తప్పింది. ఆ ధీమాతోనే చాలా ఇళ్లలో ఫండ్ పెంచడం ఆగిపోతుంది. కొత్త ఉద్యోగం దొరకడానికి పట్టే సమయాన్ని గ్రీన్ కార్డ్ తగ్గించదు. మీకు కనీసం నాలుగు నెలల ఖర్చు, అంటే 24,800 ఉండాలి. అమ్మాయి కాలేజీ దగ్గర పడుతోంది కాబట్టి చదువు పొదుపు కోసమున్న 529 ఖాతాలో వేసేది ఆపొద్దు. మీ వాటాకు తోడుగా కంపెనీ డబ్బు వేసినంత మేరకు రిటైర్‌మెంట్ ఖాతా 401(కె)లో వేసేది కూడా తగ్గించవద్దు.

నెలకు మిగిలే 900ను ఇలా విడగొట్టండి. 500 ఫండ్‌కు. 400 మీ సరదాకు. ఈ 400లోంచే తూటాలూ, రివాల్వర్ పొదుపూ రెండూ రావాలి. నెలకు రెండుసార్లు కాలిస్తే పొదుపుకు 190 మిగులుతుంది, ఏడాది నిండినా 2,400 పోగవదు. నెలకు ఒక్కసారికి తగ్గించుకుంటే 295 మిగులుతుంది, ఏడు నెలల్లో 2,065 చేతికొస్తుంది, కింద చెప్పే బేరానికి అది దాదాపు చాలు. తక్కువ కాల్చి త్వరగా కొంటారా, బాగా కాల్చి ఆలస్యంగా కొంటారా అన్నది మీ ఇష్టం. నేనైతే మొదటిదే ఎంచుకుంటాను. ఎందుకంటే ఆ ఏడు నెలలూ ఈ ఆట మీద మోజు నిలుస్తుందో లేదో కూడా తేలిపోతుంది. రెండు వారాలకోసారి జీతం వచ్చేవారైతే ఏడాదిలో రెండు నెలలు మూడు జీతాలు పడతాయి కదా, ఆ మూడో జీతాల్లో ఒకటి పూర్తిగా ఫండ్‌లో వేయండి.

ఏడు నెలలు ఆయన ఆగుతారా అంటారేమో. క్లబ్‌లో రోజూ కనిపించే మనిషి, కొనేవాళ్లు క్యూ కట్టే వస్తువు కాదు. రెండు వందలు బయానా ఇచ్చి, కాగితం మీద రాసుకుని, గన్‌స్మిత్ తనిఖీలో తేడా వస్తే బయానా వాపసు అన్న షరతు పెట్టండి. ఆయన కాదంటే వదిలేయండి. మామూలు ఆరంగుళాల, సైట్ సర్దుకునే సెకండ్ హ్యాండ్ రివాల్వర్ ఇందులో సగం ధరకు కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది. నేర్చుకోవడానికి అది చాలు, అమ్మాలన్నా తొందరగా పోతుంది.

బేరం ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఆ పని చేసిన గన్‌స్మిత్ ఎవరన్న దగ్గర. మీరు ఆ పేరు రాయలేదు, బహుశా అడగలేదు. పేరున్న చెయ్యి అయి, పాత బిల్లు కూడా ఉంటే 2,100 దాకా వెళ్లొచ్చు. పేరూ బిల్లూ లేకపోతే 1,700 దాటకండి. ఏదైనా సరే, రివాల్వర్‌లు బాగుచేసే మనిషికి ఒకసారి చూపించే ఖర్చు పెట్టుకోండి. రివాల్వర్‌లో తూటాలు లేవని నిర్ధారించుకున్నాక ఆ మనిషి చూడాల్సినవి: సిలిండర్‌లో తూటాలు పెట్టే ఆరు గదుల్లో ప్రతి గదీ హామర్ పడే లోపే సరిగ్గా బ్యారెల్ ఎదుటికి వచ్చి బిగుస్తోందా, సిలిండర్ ముందుకూ వెనక్కూ ఊగుతోందా, సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు ఎంత. ఆ సందు అంగుళంలో వెయ్యో వంతులు ఆరు దాకా ఉంటే హాయి, పది దాటితే బేరం మళ్లీ మొదటికి. బ్యారెల్ లోపల ఉబ్బిన వలయం లాంటిది కనిపిస్తే ఇక మాటల్లేవు, నమస్కారం పెట్టి వచ్చేయండి. సిలిండర్ ఊగడం మాత్రం పలుచని ఉంగరాలు (షిమ్‌లు) వేసి సరిచేసుకోదగ్గ జబ్బే. ఆ మేరకు ధర తగ్గించమనండి.

ఇక కాగితాల సంగతి. ఇది మీకు డబ్బు కంటే పెద్ద విషయం. ఇద్దరూ టెక్సస్ వాసులే అయితే ప్రైవేటుగా చేతులు మార్చుకోవచ్చని క్లబ్‌లో చెబుతారు. చట్టప్రకారం అది నిజమే. అయినా మీరు లైసెన్సున్న డీలర్ దగ్గరికే వెళ్లి, తుపాకీ కొనేవారు నింపాల్సిన ఫారం 4473 నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించుకుని తీసుకోండి. కొద్ది డాలర్ల రుసుముతో మీ పేరున మచ్చలేని రికార్డు ఉంటుంది. పౌరసత్వం రాని వారికి తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అదే కారణం కాగలదు. అలాగే హెచ్-1బి మీద ఉన్న తమ్ముడో స్నేహితుడో ‘నీ పేరు మీద నాకొకటి కొనిపెట్టు’ అంటే మొహమాటపడకండి. అది ఫెడరల్ నేరం. వీసా మీద ఉన్న వాళ్లకు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే, తుపాకీ దగ్గర ఉండటమే నిషేధం. సరదాగా కాల్పిస్తానని వాళ్లను రేంజ్‌కు తీసుకెళ్లే ముందు కూడా లాయర్‌ను అడగండి.

ఇంట్లో పదో తరగతి పిల్ల ఉంది. టెక్సస్‌లో మీరు సరిగ్గా భద్రపరచక, వెంటనే పేల్చగల తుపాకీ 17 ఏళ్ల లోపు వారి చేతికి చిక్కితే అది మీ మీద నేరం కావచ్చు. మంచి సేఫ్ ధరను రివాల్వర్ ధరలో కలిపి చూడండి, విడిగా కాదు. ఇంటి ఇన్సూరెన్స్ తీసి చదవండి. దొంగతనంలో పోయిన తుపాకులకు చాలా పాలసీల్లో మొత్తం కలిపి 2,500 డాలర్లే పరిమితి. ఇప్పటికి ఒక్కటే కాబట్టి సరిపోతుంది. రెండోది కొన్న రోజు పాలసీకి విడిగా రైడర్ (అదనపు రక్షణ) తీసుకోవాలి. షూటింగ్‌లో రెండోది కొనని వాడిని నేనింకా చూడలేదు.

రిటైరయ్యాక ఇండియా వెళ్లిపోయే ఆలోచన ఉంటే ఇది వెంట వచ్చే సామాను కాదు. అక్కడ ఆయుధ చట్టం కింద లైసెన్సు, దిగుమతి అనుమతి, సుంకం, వాటి చుట్టూ తిరుగుడు. ప్రయాణానికి ఏడాది ముందే ఇక్కడ అమ్మకానికి పెట్టండి. గన్‌స్మిత్ పేరు, బిల్లు, తనిఖీ నివేదిక, ఎంతకు కొన్నారన్నది, అమ్మాల్సి వస్తే క్లబ్‌లో ఎవరిని అడగాలన్నది ఒక కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులతో పాటు ఉంచి, అది ఎక్కడుందో మీ ఆవిడకు చెప్పండి.