జెండా పట్టాడు, ఓటరు జాబితాలో మాత్రం లేడు

ప్రశ్న: మాది గాజువాక. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయికి 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. ఏడాదిగా ఒక పార్టీ విద్యార్థి విభాగం వెంట తిరుగుతున్నాడు. ఓటరుగా నమోదు చేసుకోమంటే మాత్రం బద్ధకం. పార్టీ వద్దంటే ‘నాన్నకేమి తెలుసు’ అని వాళ్లమ్మ దగ్గర విసుక్కుంటాడు. గ్రూప్స్ రాయించాలని నా ఆశ. ఈ తిరుగుడు వాడి భవిష్యత్తును పాడుచేస్తుందా?

జవాబు: తిరిగినంత మాత్రాన పాడవదండి, కేసు పడితేనే చిక్కు. ప్రభుత్వ ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసులున్నాయా అని అడుగుతారు. పోలీసులు విచారిస్తారు కూడా. చిన్న కేసైనా దాచి దొరికిపోతే దాచడమే పెద్ద నేరమై కూర్చుంటుంది. రాస్తారోకోలో కుర్రాళ్లను ముందు నిలబెట్టే నాయకులు కోర్టు వాయిదాలకు తోడు రారు. ఈ సంగతి కేకలు వేసి కాదు, ఆ ఫారం ముందు పెట్టి చెప్పండి. ఉద్యోగం వచ్చాక పార్టీల్లో ఉండటానికి ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు. గ్రూప్సా, పార్టీయా అన్నది ఒకనాటికి తేల్చుకోక తప్పదు. ఆ రోజు ఇంకా రాలేదు.

అతన్ని పూర్తిగా మానమనకండి. 1966లో ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అంటూ ఇక్కడి విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మీకు జీతమిచ్చిన కర్మాగారం ఆ పోరాటంతో వచ్చిందే. ‘నాన్నకేమి తెలుసు’కు ఇంతకంటే మంచి జవాబు మీ దగ్గర ఉండదు.

ఇంతకీ పార్టీలో అతను చేస్తున్న పని ఏమిటి? ఫ్లెక్సీలు కట్టడం, బైకు ర్యాలీల్లో హారన్ మోగించడమే అయితే నా దృష్టిలో కాలం దండగ. పోలింగ్ బూత్ జాబితా పట్టుకుని ఒక్క వీధి తిరగమనండి. ఒక ఇంటికి తాళం. పక్క వాటాలో అద్దెకున్నవాళ్లు పెందుర్తి వెళ్లిపోయారు. చనిపోయిన ముసలమ్మ పేరు ఇంకా జాబితాలోనే ఉంది. పెళ్లయి వెళ్లిన కూతురి పేరు ఇక్కడా అత్తవారి ఊళ్లోనూ ఉంది. కాలనీలో కుళాయి ఎందుకు రావడం లేదో అడగకుండానే చెబుతారు. స్థానిక పాలన గురించి గైడు పుస్తకం వల్లించినవాడికీ, ఆ వీధి తిరిగినవాడికీ గ్రూప్-1 మెయిన్స్ జవాబులో తేడా కనిపిస్తుంది.

రాజకీయాలే బతుకు అనుకుంటే, దానికీ చదువు దారి ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి, ప్రభుత్వ పాలన శాస్త్రంలో ఎంఏ చేయవచ్చు, లాసెట్ ప్రవేశ పరీక్ష రాసి న్యాయశాస్త్రం చదవవచ్చు. డిగ్రీ పూర్తయ్యాక, 25 ఏళ్లు దాటకముందు, చట్టసభల పనితీరును అధ్యయనం చేసే పీఆర్ఎస్ సంస్థ ఇచ్చే ల్యాంప్ ఫెలోషిప్‌కు ప్రయత్నిస్తే ఒక పార్లమెంటు సభ్యుడి దగ్గర పనిచేసే అవకాశం ఉంటుంది. కార్పొరేటర్‌గా పోటీకి 21, ఎమ్మెల్యేకు 25 నిండాలి. డబ్బెక్కడిది అని మీరు అడిగేలోపే ఆ మాట వదిలేస్తాను.

అన్నిటికంటే ముందు ఓటు. పార్టీ కోసం ఇంటింటికీ వెళ్లి ఓటడిగే కుర్రాడికి సొంత ఓటు లేకపోవడం నాకైతే నవ్వొచ్చింది. 17 నిండినప్పుడే ముందస్తుగా దరఖాస్తు చేయవచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీల్లో దేనికి 18 నిండినా అర్హతే. హాస్టల్లో ఉంటే అక్కడైనా, మీ ఇంటి చిరునామాతోనైనా నమోదు కావచ్చు, రెండు చోట్లా కుదరదు. కావలసింది ఫారం 6. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో నింపవచ్చు, మీ బూత్ స్థాయి అధికారి (బీఎల్వో)కైనా ఇవ్వవచ్చు. వయసుకూ చిరునామాకూ రుజువులు, ఒక ఫొటో చాలు. మీరు నింపి సంతకం పెట్టించకండి, అతన్నే నింపనివ్వండి.