‘ప్యాకేజీ సృష్టించబడింది’ అనవచ్చా?

సందేహం: ఒక కమాండ్ లైన్ టూల్‌కు తెలుగు సందేశాలు రాస్తున్నాం. ‘కార్గో న్యూ’ (రస్ట్ భాషలో కొత్త ప్రోగ్రాము మొదలుపెట్టడానికి ఇచ్చే ఆదేశం) లాంటి కమాండ్ ఇచ్చాక తెరమీద ‘కొత్త ప్యాకేజీ సృష్టించబడినది’ అని రావాలా, ‘సృష్టించబడింది’ అని రావాలా?

సమాధానం: ఈ రెంటిలో రెండోదే నేటి వాడుకకు దగ్గర. కానీ అసలు ఈ ‘బడు’ ఎందుకండీ?

జగత్తు పుట్టుకను చెప్పాల్సి వచ్చినప్పుడు పోతన ఏమన్నాడో చూడండి: ‘ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపల నుండు లీనమై, యెవ్వనియందు డిందు’. ‘ఎవ్వనిచే’ అని తృతీయ వేశాడు. ఆ తర్వాత ‘సృజింపబడు’ అనడానికి దారి తెరిచే ఉంది. అయినా ‘జనించు’ అన్నాడు. పుట్టడం, ఉండడం, డిందడం, మూడూ జగత్తు చేసే పనులే. ఆ వెనకున్నవాడికి ఆ ‘చే’ ఒక్కటి చాలింది. డిందడమంటే అణగిపోవడం. ఎంత చక్కని తెలుగు క్రియ! దాన్ని పోగొట్టుకుని ‘లయం చేయబడు’ దాకా వచ్చాం. మొసలికి చిక్కిన ఏనుగు మొర ఆ పద్యం. ప్రాణం మీదికి వచ్చినవాడి నోట మాట నేరుగా వస్తుంది.

మీ టూల్ చేసే పని చూద్దాం. పేరిచ్చి ‘కార్గో న్యూ’ అంటే ఆ పేరుతో ఒక ఫోల్డరు, అందులో కార్గో.టామ్ల్ ఫైలు, ఎస్‌ఆర్‌సీ ఫోల్డరులో మెయిన్.ఆర్‌ఎస్ ఫైలు పెడుతుంది. ఇంతమాత్రానికి సృష్టి దేనికి? ‘ప్యాకేజీ తయారైంది’ అంటే సరిపోతుంది. ‘నిర్మించు’ జోలికి మాత్రం పోకండి, అది రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చే ‘బిల్డ్’ కమాండ్‌కు కావాలి. ఉన్న ఫోల్డరులోనే పని మొదలుపెట్టే ‘ఇనిట్’కు ‘మొదలుపెట్టు’ ఉండనే ఉంది.

నన్ను మరీ బాధపెట్టేది ‘ఫైల్ కనుగొనబడలేదు’. కనబడు, వినబడు మన ఇంటి మాటలు. ‘కనబడలేదు’, ‘దొరకలేదు’ అని పసిపిల్లలు కూడా అంటారు. చదువుకున్నవాళ్లం వాటిని పక్కకు నెట్టి ఈ కనుగొనబడడాలు రాయడమేమిటి? ఫోల్డరు ముందే ఉంటే ‘ఈ పేరుతో ఫోల్డరు ఇప్పటికే ఉంది’ అనండి, ‘ఉనికిలో ఉన్నట్లు గుర్తించబడింది’ అనకండి.

అయితే ‘సృష్టించబడింది’ తప్పని కొట్టెయ్యలేను. కర్మణి ప్రయోగాన్ని వ్యాకరణం ఒప్పుకుంటుంది. మీ టూల్‌లో మిగతా సందేశాలన్నీ అదే తీరులో ఉంటే, ఈ ఒక్కటీ మార్చడం అతకదేమో. అన్నిటినీ మార్చే వీలుంటే మాత్రం మార్చండి.