రెండూ కలిసి పెరిగాయి... ఏది కారణం?

ప్రశ్న: లా కోర్సుల ప్రవేశ పరీక్ష క్లాట్‌కి చదువుతున్నాను. ‘సహసంబంధం (రెండు విషయాలు కలిసి కనిపించడం) ఉన్నంత మాత్రాన కారణం కాదు’ అన్న సూత్రం బాగానే గుర్తుంది. అయినా మాక్ టెస్టుల్లో అలాంటి పాసేజీ వస్తే రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడి తప్పుది పెడుతున్నాను. ఎక్కడ దెబ్బ తింటున్నాను?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఆ సూత్రం వాదనలో లోపం ఉందని చెబుతుంది, ఏ లోపమో చెప్పదు. మార్కు వచ్చేది రెండోది పట్టుకుంటేనే.

అభ్యాసం కోసం ఒక పాసేజీ అల్లుకుందాం: ‘ఒక మండలంలో ఫలానా మందు ఎక్కువ చల్లిన రొయ్యల గుంటల్లోనే జబ్బు ఎక్కువగా కనిపించింది. కాబట్టి ఆ మందే జబ్బు తెస్తోంది.’ ముందు ‘కాబట్టి’ దగ్గర ఆగండి. దానికి ముందున్నది లెక్క, తర్వాతది వాదన. లెక్కను నమ్మండి, వాదననే అనుమానించండి. రఫ్‌లో ‘మందు → జబ్బు’ అని రాసి, కింద మరో మూడు దారులు రాయండి: జబ్బు → మందు, ఇంకేదో → రెండూ, కాకతాళీయం. ఆప్షన్లు చూడకముందే ఈ పని అయిపోవాలి.

వాదనను బలహీనపరిచేది ఏది అని అడిగారనుకోండి.
ఎ) మందు చల్లిన కొన్ని గుంటల్లో జబ్బు రాలేదు.
బి) గుంటలో మేత, రొయ్యల తీరు చూసే చెక్ ట్రేలో చచ్చిన రొయ్య కనిపించాకే చాలామంది రైతులు ఆ మందు కొంటున్నారు.
సి) ఆ మందు ఖరీదు ఎక్కువ.
డి) మందు చల్లని గుంటల్లోనూ అక్కడక్కడా జబ్బు వచ్చింది.

‘సి’కి వాదనతో పనిలేదు. మీరు ఆగిపోయేది ‘ఎ’ దగ్గరే అయి ఉంటుంది. పాసేజీ ‘ఎక్కువగా’ అంది గానీ ‘అన్నింట్లో’ అనలేదు, కొన్ని మినహాయింపులతో ఆ మాట కూలదు. ‘డి’ కూడా అంతే, జబ్బుకు ఇంకో కారణం ఉన్నంత మాత్రాన ఈ మందు నిర్దోషి అయిపోదు. ‘బి’ బాణాన్నే తిప్పేసింది, జవాబు అదే. రొయ్య పిల్లను మరీ దట్టంగా వదిలిన గుంటల్లో మందు వాడకమూ జబ్బూ రెండూ ఎక్కువే అన్న ఆప్షన్ ఉంటే, అది ‘ఇంకేదో → రెండూ’ దారి. అదీ గట్టి దెబ్బే.

బలపరిచేది అడిగితే ఇవే దారులు మూసే ఆప్షన్ కావాలి. ఒకే హేచరీ పిల్ల, ఒకే రోజు వదిలారు, నీరూ మేతా ఒకటే, జబ్బు జాడ లేనప్పుడే కొన్ని గుంటల్లో మందు మొదలైంది, జబ్బు వాటిలోనే ఎక్కువ వచ్చింది అంటే వాదన నిలబడుతుంది. ఇక్కడ కూడా అలవాటు కొద్దీ ‘సహసంబంధమే, కారణం కాదు’ అనే ఆప్షన్ పెడితే మార్కు పోయినట్టే. ప్రశ్న వాక్యం రెండుసార్లు చదవమనేది అందుకే. ఇక పాసేజీ నుంచి తప్పనిసరిగా తేలేది అడిగితే, ‘రెండూ కలిసి కనిపించాయి’ అన్నంత వరకే వెళ్లండి.

120 నిమిషాలకు 120 ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు కోత. బాణాలకు పది, పదిహేను సెకన్లకు మించి పెట్టొద్దు. అభ్యాసానికి అమెరికా లా ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ పాత ప్రశ్నలు చాలా మేలు. వాటిలో ఐదేసి ఆప్షన్లు, పాసేజీలు చిన్నవి. క్లాట్‌లో నాలుగే ఆప్షన్లు, పాసేజీ మాత్రం పొడవు. కాబట్టి వాటితో పట్టు దొరుకుతుంది గానీ, వేగం కోసం క్లాట్ పేపర్లే చేయాలి.

ప్రశ్న: అయితే సహసంబంధం నుంచి కారణం అని ఎప్పటికీ అనలేమా? మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతేంటి?
– ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: అనొచ్చు, మిగతా దారులు మూసుకుపోతే. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి 1937లోనే వైద్య పత్రికలో రాశారు. ‘నీళ్లలో ఫ్లోరైడ్ → జబ్బు’ అన్న వాదనకు మన బాణాలు పెట్టి చూడండి. మనుషుల ఎముకల జబ్బు బోరు నీళ్లలోకి ఫ్లోరైడ్ తేలేదు, అది రాళ్ల నుంచి వస్తుంది. అంటే తిరుగు బాణం లేదు. తిండి సరిగా లేకపోవడమే కారణమా అంటే, తిండి ఒకేలా ఉండి నీళ్లు వేరైన ఊళ్లను పోల్చి చూడాలి. నీటిలో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ జబ్బూ పెరుగుతుంది. పళ్లలో, ఎముకల్లో అది ఎలా పేరుకుంటుందో తెలుసు. ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్లకు ఆ మచ్చలు రావు. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అని భారత ప్రమాణాలు పరిమితి పెట్టింది ఈ కారణ సంబంధం మీదే.