‘సామజవరగమన’ అంటే అమ్మాయిని ఏనుగు అన్నట్టా?

సందేహం: మా మేనకోడలి పెళ్లి సంగీత్‌లో పెళ్లికొడుకు ‘సామజవరగమన’ పాట పాడాడు. 2019లో వచ్చిన పాట, ఇప్పటికీ ఏ ఫంక్షన్‌కి వెళ్లినా వినిపిస్తూనే ఉంది. మా పెద్దత్తయ్య మాత్రం ‘త్యాగరాజస్వామి కృష్ణుణ్ణి పిలిచిన మాటతో ఆడపిల్లను పిలవడమేంటి? పైగా ఏనుగుతో పోలికా?’ అని నొచ్చుకున్నారు. ఈ మాట స్త్రీకి వాడవచ్చా? చివర ‘గమన’ అనాలా, ‘గమనా’ అనాలా? – ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: పాట వినగానే కృతి గుర్తొచ్చిన మీ పెద్దత్తయ్యగారికి ముందుగా నా నమస్కారం. అయితే ఏనుగు పోలికకు ఆవిడ నొచ్చుకోవలసిన పని లేదు. ఆ తప్పు ఏనుగుది కాదు, మనది. ఎవరైనా కాస్త లావుగా ఉంటే ‘ఏనుగులా ఉంది’ అనేస్తున్నాం. అంత పెద్ద జంతువులో మనకు బరువొక్కటే కనిపిస్తోంది. పూర్వకవులు దాని నడక చూశారు. ఏనుగు అరికాళ్ల కింద మెత్తటి కొవ్వు దిండు ఉంటుంది. అందుకే అంత ఒళ్లు వేసుకుని కూడా చప్పుడు లేకుండా, తొణక్కుండా నడుస్తుంది. గజగమన, కరియాన, మత్తేభయాన అని మనవాళ్లు మెచ్చుకున్నది ఆ నిదానాన్ని, ఆ ఠీవిని.

ఇక సామజం సంగతి. ఈ మాట నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. అమరకోశంలో ఏనుగు పేర్లు చదవండి: దంతాలున్నది దంతి, తొండమనే చెయ్యి ఉన్నది హస్తి, కరి, తొండంతో ఒకసారి, నోటితో ఒకసారి తాగేది ద్విపం. ఇవన్నీ దాని ఒళ్లు చూసి పెట్టిన పేర్లు. ఆ శ్లోకాల్లో సామజం లేదు. సామజమంటే సామం, అంటే సామవేద గానం, నుంచి పుట్టినది. సూర్యుడు పుట్టిన అండం తాలూకు రెండు చిప్పలను బ్రహ్మ చేతుల్లో పట్టుకుని సామగానం చేస్తే ఐరావతమూ తక్కిన దిగ్గజాలూ పుట్టాయని గజశాస్త్రం చెప్పే కథ. కాళిదాసుకు ఈ కథ బాగా తెలుసు. రఘువంశం పదహారో సర్గలో, రాముడూ తమ్ముళ్ల వంశం ఎనిమిది పాయలై విస్తరించిందని చెబుతూ ‘సామయోని’ అయిన సురగజాల వంశంతో పోల్చాడు. ‘దానం’ అన్న ఒక్క మాటను రాజులకు ఈవిగా, ఏనుగులకు మదజలంగా వాడాడు. అంటే మన పెద్దల లెక్కలో ఏనుగు పాటకు పుట్టిన బిడ్డ.

ఇప్పుడు త్యాగయ్యగారి హిందోళ కృతి మళ్లీ వినండి. పల్లవిలో ‘సామజవరగమన’ అన్నారు. అనుపల్లవిలో ‘సామనిగమజ సుధామయ గాన విచక్షణ’ అన్నారు. మొదటి ‘సామజ’ ఏనుగు, రెండో ‘సామ…జ’ సంగీతం. సామవేదమనే ఒకే తల్లికి పుట్టిన అక్కచెల్లెళ్లను పక్కపక్కన కూర్చోబెట్టారు. ఎన్నో ఏళ్లుగా ఈ కృతి వింటున్నాను, అనుపల్లవి దగ్గర ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. పాడే పిల్లలకు ఈ ఒక్క ముక్క చెప్పి నేర్పితే ఎంత బాగుంటుంది!

ఆడవాళ్లకు వాడవచ్చా అంటే, ఈ పోలిక ఎప్పుడూ ఇద్దరిదీ. వాల్మీకి రాముణ్ణి ‘మత్తమాతంగగామి’ అన్నాడు. మనువు ‘హంసవారణగామిని’ అయిన కన్యను పెళ్లాడమన్నాడు, వారణమన్నా ఏనుగే.

వ్యాకరణానికి వస్తే, కృతి సంస్కృతం కాబట్టి అక్కడి ‘గమన’ పుంలింగ సంబోధన. స్త్రీని సంస్కృతంలో పిలవాలంటే ‘గమనే’ అవుతుంది. తెలుగులో లెక్క వేరు. రమా రమ అయినట్టు, గమనా గమన అవుతుంది, మగవాడైతే గమనుడు. కాబట్టి తెలుగు పాటలో ఈ మాట ఆడపిల్లకే ఇంకా సహజంగా అమరుతుందని నా అభిప్రాయం. పిలుపులో ‘సీతా’ అన్నట్టు ‘గమనా’ అని సాగదీసినా తప్పు లేదు. సంస్కృతం మాటకు సంస్కృతం నియమమే వర్తించాలని ఎవరైనా పట్టుబడితే వారితో గట్టిగా వాదించలేను.

పాట ఇన్నేళ్లు నిలవడానికి తమన్ బాణీ, సిద్ శ్రీరామ్ గొంతు కారణాలే. ఈ మాట బలం కూడా తక్కువది కాదంటాను. ఒక్క దీర్ఘం, ఏడు హ్రస్వాలు, ఎక్కడా ఒత్తు లేదు. అంత సంస్కృత సమాసమూ మూడేళ్ల పిల్ల నోట కూడా తిరుగుతుంది. 2023లో ఇదే మాట ఒక సినిమాకు పేరు కూడా అయింది. సిరివెన్నెల సీతారామశాస్త్రిగారు ఈ మాటను పెట్టిన సినిమా పేరు చూడండి: ‘అల వైకుంఠపురములో’. అది పోతన గజేంద్రమోక్షంలోని పద్యం ఎత్తుగడ. ఏనుగు మొర విని విష్ణువు కదిలిన పద్యం, ఛందస్సు మత్తేభవిక్రీడితం. కథలో ఏనుగు, ఛందస్సు పేరులో ఏనుగు, పాటలో ఏనుగు!

ఆ ఘట్టంలోనే, చెప్పకుండా పరుగెత్తిన మగడి వెనక లక్ష్మీదేవి నడకను పోతన పట్టుకున్నాడు:

అడిగెద నని కడువడిఁ జను
నడిగినఁ దన మగుఁడు నుడువఁ డని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడఁబడ
నడు గిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

అడుగుదామని వడిగా వెళుతుంది, అడిగినా చెప్పడేమోనని ఆగిపోతుంది, తడబడుతూ అడుగు వేస్తుంది, వేయలేకపోతుంది. రెండో, నాలుగో పాదాల చివరి గురువులు తప్ప అన్నీ లఘువులే. చదువుతుంటే అమ్మవారి చిన్నచిన్న అడుగులు చెవికి వినిపిస్తాయి. ఏనుగు నడక కాదిది, ఏనుగు కోసం తడబడిన నడక. మీ పెద్దత్తయ్యగారికి ఈ పద్యం చదివి వినిపించండి.

‘వర’ గురించి ఒక్కమాట. అది పెళ్లికొడుకూ కాదు, దేవుడిచ్చే వరమూ కాదు. సామజవరమంటే ఏనుగుల్లో మేలైనది. బాణీ కోసం ‘సామజ’ దగ్గర ఆగి పాడితే పాడనివ్వండి. రాసేటప్పుడు మాత్రం ‘సామజ వర గమన’ అని మూడు ముక్కలు చేయకండి.