ఏడాది జాబితా రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఈ ఏడాది నచ్చిన సినిమాల గురించి, సంగీతం గురించి జాబితా రాయబోతున్నావని తెలిసి సంతోషించాను. పది పేర్లే కదా, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుందనుకుంటారు చాలామంది. అలా గుర్తున్నంత మేరకు రాసేసిన జాబితాలు తిరగేసి చూడు, నవంబరు, డిసెంబరుల్లో వచ్చినవే ఎక్కువ కనిపిస్తాయి. ఫిబ్రవరిలో వచ్చిన మంచి సినిమా బాగోలేక కాదు, గుర్తులేక జారిపోతుంది. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే: రెండోసారి చూడనిది, మూడోసారి విననిది జాబితాలోకి రాకూడదు.

దీనికి ముందు ఒక నోట్‌బుక్ కావాలి. చూసిన 24 గంటల్లోపు నాలుగు సంగతులు రాసుకో: తేదీ, ఎక్కడ చూశావు (హాల్లోనా, టీవీలోనా, ఫోన్లోనా), మనసులో నిలిచిన ఒక దృశ్యమో శబ్దమో, నీకు మింగుడుపడని ఒక చోటు. మార్కులు మాత్రం వేయకు. ఒకసారి అంకె వేశామంటే రెండోసారి చూసేటప్పుడు సినిమాను వదిలేసి ఆ అంకెను కాపాడుకుంటాం.

ఏది ఈ ఏడాదిది అన్న లెక్క ముందే తేల్చుకో. కాన్‌ చిత్రోత్సవం మే నెలలో, వెనిస్‌ ఆగస్టు చివర్లో మొదలవుతాయి. అక్కడ మొదట చూపించిన సినిమా మామూలు ప్రేక్షకుడికి చేరేసరికి ఏడాది మారిపోవచ్చు. టికెట్‌ కొనుక్కొనో, ఇంట్లో చందా కట్టో నీ పాఠకుడు చూడగలిగిన రోజునే లెక్కలోకి తీసుకో. సంగీతంలో ఆల్బమ్‌ మొత్తం విడుదలైన తేదీ చూడాలి, ముందు వచ్చిన ఒక్క పాట తేదీ కాదు. పాత రికార్డింగుల పునర్ముద్రణలను విడిగా పెట్టు. ఆలస్యంగా వచ్చే వాటి సంగతి కూడా ఆలోచించు. అమెరికన్‌ గాయని బియాన్సే 2013లో తన పేరుతోనే ఉన్న ఆల్బమ్‌ను ముందు మాట మాత్రం చెప్పకుండా డిసెంబరు 13న విడుదల చేసింది. అప్పటికే చాలా జాబితాలు అచ్చయిపోయాయి. నువ్వు జాబితా ముగించిన తర్వాత వచ్చినవాటిని వచ్చే ఏడాది లెక్కలో చేరుస్తానని పైనే ఒక వాక్యం రాసెయ్యి.

ఇక సమయం. రెండోసారి చూడాల్సిన సినిమాలు 12 అనుకుందాం, ఒక్కొక్కటి 130 నిమిషాలైనా 26 గంటలు. 20 ఆల్బమ్‌లు, ఒక్కొక్కటి 40 నిమిషాలు, మూడేసి సార్లు వింటే 40 గంటలు. మొత్తం 66. ఆరు వారాలకు పంచితే వారానికి 11 గంటలు. అంటే నవంబరు నడిమికే మొదలుపెట్టాలి. డిసెంబరు 20న మొదలుపెడితే సగం పేర్లు పాత అభిప్రాయం మీదే నిలబడతాయి.

వినడంలో జరిగే పొరపాటు కంటికి కనిపించదు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. ఒకే పాటను రెండుసార్లు వినిపించి, రెండోసారి కాస్త ధ్వని పెంచితే, రెండోదే బాగుందంటాం. పెంచిన సంగతి తెలియకపోయినా అదే మాట అంటాం. చెవి తక్కువ స్థాయిలో మంద్ర స్వరాలను సరిగ్గా పట్టదు, స్థాయి పెరిగేకొద్దీ అవి నిండుగా వినిపిస్తాయి. గట్టిగా మాస్టరింగ్‌ (విడుదలకు ముందు ధ్వనికి చేసే చివరి సర్దుబాటు) చేసిన ఆల్బమ్‌ నెమ్మదైన ఆల్బమ్‌ పక్కన అన్యాయంగా గెలిచేది ఇందుకే. పోల్చి వినేటప్పుడు యాప్‌లో ధ్వని స్థాయిని సమం చేసే సెట్టింగ్‌ ఆన్‌ చెయ్యి. పాటపాటకూ కాకుండా ఆల్బమ్‌ మొత్తానికి ఒకే సర్దుబాటు జరిగేలా చూసుకో, లేకపోతే కావాలని మెల్లగా ఉంచిన పాట కూడా పక్కదానితో సమంగా మోగుతుంది. షఫుల్‌ వద్దు, పాటల మధ్య కలిపేసే క్రాస్‌ఫేడ్‌ వద్దు. మొదటిసారి సాహిత్యం చూడకుండా విను, రెండోసారి చూస్తూ విను, మూడోది కనీసం వారం తర్వాత. ఆ మూడోసారి ఏ పాట దగ్గర చెయ్యి ముందుకు జరపబోయిందో రాసుకో. ఫోన్‌ స్పీకర్‌లో మంద్ర స్వరాలు దాదాపు వినిపించవు, దాని మీద విని బేస్‌ బలహీనమని తీర్పు చెప్పకు.

సినిమాకు ఇంట్లో అలాంటి జాగ్రత్తే ఒకటుంది. చాలా సినిమాలు సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. టీవీలో కదలికను నునుపు చేసే సెట్టింగ్‌ ఆ ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేములను కల్పించి దూరుస్తుంది, దాంతో ఛాయాగ్రహణం మొత్తం వీడియోలా చప్పబడిపోతుంది. అది ఆపి చూడు. నేపథ్య సంగీతాన్ని సంగీత జాబితాలో పెట్టాలనిపిస్తే, బొమ్మ లేకుండా ఒకసారి విను. విడిగా నిలబడకపోతే దాని ఘనత సినిమా ఖాతాలోనే రాయి, అది చిన్నతనమేమీ కాదు.

వరుస పెట్టేటప్పుడు అన్నిటినీ ఒకేసారి తూచబోకు. రెండేసి పేర్లు తీసుకుని, ఒక్కటే మిగలాలంటే ఏది ఉంచుతానని అడుగు. ఆ తర్వాత పాత పద్ధతి ఒకటుంది. న్యూయార్క్‌లోని విలేజ్‌ వాయిస్‌ పత్రిక నిర్వహించిన సంగీత విమర్శకుల ఓటింగులో ఒక్కొక్కరు 10 ఆల్బమ్‌లకు 100 పాయింట్లు పంచేవారు, ఒక్కోదానికి 5కి తక్కువ కాకుండా, 30కి మించకుండా. నువ్వూ పంచి చూడు. మొదటిదానికి 25 వెళ్లి, చివరి నాలుగింటికీ అయిదేసి దక్కితే, ఆ నాలుగింటి మధ్య నీకు తేడా లేదన్నమాట. వాటికి ఏడు, ఎనిమిది అని అంకెలు తగిలించడం అబద్ధం. అకారాది క్రమంలో పెట్టు.

నీ వరుస ఖాయమయ్యేదాకా ఇతరుల జాబితాలు చదవకు. చదివాక ఒక పేరు కలపాలనిపిస్తే, ఆ సినిమా చూడు, ఊరికే కలపకు.

ఒక్కో పేరుకు 70, 80 మాటలు చాలు. కథ చెప్పకు. ఎడిటింగ్‌లో ఒక కోత, ఒక నిశ్శబ్దం, తాళం మారిన ఒక క్షణం పట్టుకుని అది ఎలా పనిచేసిందో చెప్పు. ‘అద్భుతం’, ‘కళాఖండం’ అన్న మాటలు కొట్టేసి చదివితే పేరాలో ఏమీ మిగలకపోతే మళ్లీ రాయి. ఎడిటర్‌, శబ్దగ్రాహకుల పేర్లు చివరి టైటిల్స్‌లో చూసి సరిచూసుకో. ఎన్ని చూశావో, ఏ భాషల్లో చూశావో జాబితా పైన రాయి. ఎవరితోనైనా స్నేహమో పనో ఉంటే అదీ చెప్పు.

అచ్చయ్యాక వరుస మార్చకు. సైట్‌ అండ్‌ సౌండ్‌ అనే బ్రిటిష్‌ సినిమా పత్రిక అన్ని కాలాల గొప్ప సినిమాలేవో తేల్చడానికి 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకుల ఓటింగు నడుపుతోంది. హిచ్‌కాక్‌ తీసిన 1958 నాటి సినిమా వర్టిగో అందులో మొదటి పదిలోకి 1982లో వచ్చింది, మొదటి స్థానానికి 2012లో చేరింది. అభిప్రాయం మారితే తేదీ వేసి కింద కొత్త మాట చేర్చు, పాతది చెరపకు.

నవంబరు 15 నాటికి ఒక 30 పేర్లు, వరుస లేకుండా, పక్కన నీకు మింగుడుపడని చోట్లతో సహా నాకు పంపు.

నీ మామయ్య